సర్వేకొచ్చిన పిల్ల

సోషియాలజీ అంటే నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. డిగ్రీలో అదే చదివాను, పీజీలో అదే చదివాను, ఇప్పుడు విజయనగరంలో ఒక కాలేజీలో అదే చెప్పి బతుకుతున్నాను. అయినా ఇష్టం లేదు. ఈ మాట క్లాసులో అంటే పిల్లలు నవ్వుతారు, మేడమ్ సరదాగా అంటున్నారనుకుంటారు. నేను సరదాగా అనడం లేదు.

ఇంటర్ తర్వాత నాకు నర్సింగు సీటు రాలేదు. మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమస్తా. అరసవల్లి వైపు ఇల్లు. ఆయనే నన్ను వెంటబెట్టుకుని డిగ్రీ కాలేజీకి తీసుకెళ్ళాడు. కంప్యూటర్ల గ్రూపు నిండిపోయింది, కామర్సు నిండిపోయింది. బీఏలో ఎన్ని కావాలంటే అన్ని సీట్లు ఉన్నాయి. కౌంటర్లో ఇచ్చిన కాగితం మీద చరిత్ర, ఆర్థికశాస్త్రం అని చదివి మూడో పేరు దగ్గర మావయ్య ఆగిపోయాడు.

"ఇదేటండీ?" అన్నాడు.

"సంఘం గురించండి. సులువు. ఎవరూ ఫెయిలవరు" అన్నాడు కౌంటర్లో మనిషి, తల ఎత్తకుండా.

ఆ రోజు నుంచి మావయ్య ఇంటికి ఎవరొచ్చినా నేనే కాలక్షేపం. "మా మేనకోడలండి. సంగం గురించి సదువుతన్నాది. మనందరం సంగంలోనే ఉన్నాం గానీ మనకి సర్టిఫికెట్టు నేదు, దీనికి ఇస్తారు" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఇంట్లో ఉండి, ఆయన తిండి తింటూ ఆయన్ని అసహ్యించుకోవడం నాకు మొదటి ఏడాదే బాగా అలవాటైంది.

కాలేజీలో మా సోషియాలజీ లెక్చరర్ అంతకంటే ఘోరం. చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్న మనిషి. మొదటి రోజు క్లాసుకి వచ్చి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, "ఈ సబ్జెక్టు కావాలని వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. "నేనూ ఎత్తట్లేదు. రాసుకోండి" అని నోట్సు చెప్పడం మొదలుపెట్టాడు. ప్రశ్న అడిగితే విసుక్కునేవాడు, అడగకపోతే తిట్టేవాడు. "మీరిక్కడ కూర్చున్నారంటే మిమ్మల్ని ఇంకెక్కడా కూర్చోనివ్వలేదని అర్థం" అనేవాడు. అది నిజమే కాబట్టి ఇంకా మండేది.

ఆ క్లాసులో మా ఊరి అమ్మాయి ఒకామె ఉండేది. మాది నౌపడ దగ్గర పల్లె. మాకు వరి పొలం ఉంది. భూమున్నవాళ్ళని మా వైపు బుగతలంటారు. ఆమెది ఊరి చివర, ఉప్పు మళ్ళల్లో కూలికి వెళ్ళేవాళ్ళ పేట. ఎండాకాలం వాళ్ళు మళ్ళల్లో ఉప్పు లాగుతారు, వానలు పడ్డాక మా పొలాల్లో ఊడుపులకి వస్తారు. ఆమె శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండేది. శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో ఇద్దరం టెక్కలి బస్సెక్కి పక్కపక్కన కూర్చునేవాళ్ళం. లెక్చరర్ని తిట్టుకుంటూ, ఆయన విసుగుని అనుకరిస్తూ, పల్లీలు తింటూ వెళ్ళేవాళ్ళం. ఆమె అనుకరణ నాకంటే బాగుండేది. టెక్కలి నుంచి ఆటోలో వచ్చి ఊరి మలుపులో దిగాక మాత్రం నేను ముందు నడిచేదాన్ని, ఆమె చున్నీ సర్దుకుంటూనో చెప్పు చూసుకుంటూనో కాస్త ఆగి వెనక వచ్చేది. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా అది గమనించలేదు.

రెండో ఏడాది చివర్లో లెక్చరర్ ఒక అసైన్‌మెంటు ఇచ్చాడు. సముదాయం అంటే ఏమిటి అన్నది ప్రశ్న. నేను గైడులోంచి దించేశాను. ఆయన రెండు లైన్లు చదివి కాగితాలు మధ్యకి చింపి నా చేతికిచ్చాడు.

"గైడు చదవడం నాకూ వచ్చు. మీ ఇంట్లో రోజూ జరిగేది, నువ్వెప్పుడూ రాయనిది, రాసుకురా. వర్ణనలు వద్దు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు. అంతే."

ఆ శనివారం ఇంటికి వెళ్ళి ఆదివారమంతా వసారాలో కూర్చున్నాను. ఏం రాయాలో తెలియలేదు. మధ్యాహ్నం, నాతో బస్సులో వచ్చే ఆ అమ్మాయి తల్లి మా ఇంటికి మినుములు చెరగడానికి వచ్చింది. పని అయ్యాక మా అమ్మ టీ తెచ్చింది. పెరటి గోడలో ఒక గూడుంది, ఆ గూట్లో ఒక సొట్టపడ్డ స్టీలు గ్లాసు. ఆమె తల్లి ఆ గ్లాసు తీసుకుంది, నీళ్ళు పోసి కడుక్కుంది, చేతిలో పట్టుకుని వంగింది. మా అమ్మ పైనుంచి టీ పోసింది. తాగాక మళ్ళీ కడిగి, బోర్లించి, గూట్లో పెట్టింది.

పుట్టినప్పటినుంచీ అది చూస్తున్నాను. ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశాను. అమ్మ గిన్నె ఎంత ఎత్తులో పట్టుకుందో, ఆమె తల్లి చీర కుచ్చిళ్ళు ఎలా దోపుకుందో, ఇద్దరూ ఆ సమయంలో ఏ కబుర్లు చెప్పుకున్నారో మొత్తం రాశాను. నాలుగు పేజీలు వచ్చాయి. పేర్లు రాయలేదు. కానీ, "ఈమె కూతురు డిగ్రీ చదువుతోంది, అయినా గ్లాసు మారలేదు" అని చివర్లో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం రాసినందుకు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఈ సంగతి దాచను.

బుధవారం లెక్చరర్ దాన్ని క్లాసులో గట్టిగా చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి వాక్యం వరకూ. ఆయన గొంతులో అంత ఉత్సాహం అంతకుముందు మేమెవరం వినలేదు. "ఇదీ సోషియాలజీ అంటే. ఇన్నేళ్ళలో నా చేతికి వచ్చిన మొదటి అసైన్‌మెంటు ఇది" అని పదికి పది మార్కులు వేశాడు. మా ఇద్దరిదీ ఒకే ఊరని క్లాసులో అందరికీ తెలుసు. కొన్ని తలలు కిటికీ పక్క బెంచీ వైపు తిరిగాయి. ఆమె పుస్తకాలు ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుంటోంది. గంట కొట్టకముందే లేచి వెళ్ళిపోయింది. ఆయన ఆపలేదు.

శనివారం కాంప్లెక్సులో కనిపించింది. నేను వెంటపడ్డాను.

"ఒలే, ఆగవే."

"ఎందుకు? ఇంకేటైనా రాసుకోవాలేటి?"

"నానేటి తప్పు రాసినానే? ఉన్నదే కదా రాసినాను."

"ఉన్నదే. నువ్వు రాయకముందల కూడా ఉన్నాది. ఇన్నేళ్ళూ నీ కళ్ళకి కనపడనేదు. మార్కులేస్తానంటే కనపడ్డాది."

"మీ తరపునే కదా రాసినాను."

"మా తరపునా?" ఆమె గొంతు పెరగలేదు. దానికి నాకు ఇంకా భయమేసింది. "మాయమ్మ గళాసు కడుక్కుంటంటే నువ్వు కూకుని సూసినావు. లేచెళ్ళి ఆ గళాసు తీసి పారేసినావేటి? నేదు. గూట్లోనే ఉంచినావు. అదక్కడుంటేనే కదా నీకు రాయడానికుంటాది. ఇంకెప్పుడూ నాతో మాటాడకు."

ఆమె తర్వాతి బస్సులో వెళ్ళింది. నేను కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని దారి పొడుగునా ఆమెని తిట్టుకున్నాను. నా బుర్రలో ఆమెకి పది జవాబులు తయారు చేశాను. ఒక్కటి కూడా ఆమె అడిగినదానికి జవాబు కాదు.

ఇంటికి వెళ్ళాక మా అమ్మతో, "మనింటికొచ్చేవోళ్ళకి లోపలి గళాసుల్లో టీ ఇయ్యమ్మా" అన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరగలేదు. "నీ సదువు మీ మావింట్లో పెట్టుకో. నా వంటింట్లో పెట్టకు" అంది.

అంతే. నేను రెండో మాట అనలేదు. నాలుగు పేజీలు రాయగలిగిన దాన్ని, రెండో మాట అనలేకపోయాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమె, నేను ఒకే గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా డిగ్రీ పూర్తి చేశాం.

డిగ్రీ తర్వాత ఏం చెయ్యాలో సోషియాలజీ చెప్పదు. మావయ్య చెప్పాడు. ఏ నోటిఫికేషను వచ్చినా పేపరు కత్తిరించి తెచ్చేవాడు. గ్రూప్స్ రాశాను, సచివాలయం ఉద్యోగాలకి రాశాను, బ్యాంకులకి రాశాను. ఏదీ రాలేదు. పీజీ చేశాను. సబ్బుల కంపెనీ వాళ్ళకి ఇంటింటికీ తిరిగి, వారానికి ఎన్నిసార్లు తలంటుకుంటారని అడిగే పని చేశాను. ఆడవాళ్ళు తలుపు సగం తీసి, నన్ను కిందికీ పైకీ చూసి, మూసేసేవారు. ఒక ఆసుపత్రిలో రోగుల బంధువులతో మాట్లాడే ఉద్యోగానికి వెళితే, "సోషియాలజీయా? మాకు సోషల్ వర్క్ చదివినవాళ్ళు కావాలి" అన్నారు. రెండింటికీ తేడా ఏమిటని అడిగాను. వాళ్ళకీ తెలియదు. కానీ ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

చివరికి విజయనగరంలో ఒక సంస్థ నన్ను తీసుకుంది. ఒక మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. ఎక్కడైనా ప్రాజెక్టు వస్తోందంటే అక్కడి జనం మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో సర్వే చేసి రిపోర్టు ఇవ్వడం వాళ్ళ పని. సోషియాలజీ చదివినవాళ్ళే కావాలని ప్రకటనలో రాశారు. ఆ మాట నా జీవితంలో మొదటిసారి చూశాను. సంస్థ పెద్దాయన మెల్లగా మాట్లాడే మనిషి. ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు, జేబురుమాలు చేతిలోంచి వదిలేవాడు కాదు. నన్ను 'అమ్మా' అని పిలిచేవాడు. మెడలో వేసుకోవడానికి కార్డిచ్చాడు, చేతికి ట్యాబ్ ఇచ్చాడు.

మావయ్య స్వరం మారిపోయింది. "మా గుంట సంగం ఆఫీసరు" అనడం మొదలుపెట్టాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ మాటకీ నాకు అంతే మండేది.

ఏడాది తిరగకుండానే మా ఊరి ఉప్పు మళ్ళ సర్వే వచ్చింది. ఎవరో గోదాములు కట్టడానికి ఆ మళ్ళు అడుగుతున్నారు. "మీ ఊరే కదమ్మా. మీ యాసలో మాట్లాడితే మనసు విప్పి చెప్తారు" అన్నాడు పెద్దాయన. వద్దని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆ కార్డు మెడలో వేసుకుని మా ఊళ్ళో నడవాలని నాకు ఉండేది.

మార్చి ఎండ. మళ్ళ మధ్య గట్టు మీద నిలబడితే కళ్ళు తెరవలేనంత తెలుపు. ఆమె తల్లి మోకాళ్ళ పైకి చీర కట్టుకుని, పొడుగు కర్రకి అడ్డంగా చెక్క కొట్టిన పనిముట్టుతో ఉప్పు గట్టు వైపు లాగుతోంది. ఉప్పునీళ్ళలో నాని కాళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి.

"అమ్మా, ఓ రెండు నిముషాలు మాటాడాలి" అన్నాను.

చిన్నప్పుడు మా ఇంట్లో అందరిలాగే నేనూ ఆవిణ్ణి 'ఒసే' అనే పిలిచేదాన్ని. ఆవిడకది గుర్తుంది. కర్ర ఆపి పక్క మడిలో వాళ్ళని కేకేసింది. "సూడండే! బుగతోరి గుంట నన్ను అమ్మంటన్నాది. ఏటొచ్చిందో మన మీద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ కుదరలేదు. ప్రశ్నలు అడిగాను. ఇంట్లో ఎందరు, ఎన్నేళ్ళుగా ఈ పని, వేరే పని వచ్చా. చివరికి అసలు ప్రశ్న: ఈ మళ్ళు ప్రాజెక్టుకి పోతే మీకు సమ్మతమేనా?

"నాకిష్టం నేదు" అందావిడ. "రాసినావా? నా ముందల రాయి. ఏదీ, సదివి ఇనిపించు."

చదివి వినిపించాను. ఆవిడ తలాడించి మళ్ళీ ఉప్పులోకి తిరిగింది.

వెనక గొంతు వినిపించింది. "ఈసారి పదికి ఎన్నేస్తారే?"

ఆమె. బీఈడీ చేసి, టీచరు ఉద్యోగం రాక ఊళ్ళోనే ఉందని నాకు తెలుసు. పేటలో పిల్లలకి ట్యూషను చెబుతుందనీ, అందరి అర్జీలూ ఆమే రాస్తుందనీ మా అమ్మ చెప్పింది, మెచ్చుకోలుగా కాదు. చేతిలో పొడుగు నోటుబుక్కు ఉంది. నేను జవాబు చెప్పకముందే, "నువ్వు రాసుకో, నానూ రాసుకుంటాను" అంది.

రెండు రోజులు ఆమె నా వెనకే తిరిగింది. నేను ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ముందు ఆగింది, ఏ ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నా జవాబూ తన పుస్తకంలో రాసుకుని, చెప్పినవాళ్ళ చేత వేలిముద్రో సంతకమో పెట్టించుకుంది. నాతో ఒక్క మాట కూడా అదనంగా మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ నా మొహం చూసి, మంచినీళ్ళు తెస్తానని లేచింది.

"దానికి ఏ గళాసులో ఇస్తావో సూసుకుని ఇయ్యి అప్పా" అంది ఆమె.

ముసలావిడ బయట కుండ దగ్గరున్న గ్లాసుతోనే నీళ్ళిచ్చింది. ఆమె నన్నే చూస్తోంది. తాగాను.

మూడిళ్ళు తప్ప మిగతా అందరూ ఇష్టం లేదన్నారు.

పది రోజుల తర్వాత ఆఫీసులో రిపోర్టు చిత్తుప్రతి చూశాను. 'తగిన పరిహారం అందిన పక్షంలో అత్యధిక కుటుంబాలు సమ్మతి తెలిపాయి' అని ఉంది. ప్రింటు తీసుకుని పెద్దాయన గదికి వెళ్ళాను.

"సార్, వాళ్ళలా చెప్పలేదు."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "పరిహారం ఇస్తే ఒప్పుకుంటారా అని నువ్వు అడిగావా అమ్మా?"

"ఫారంలో ఆ ప్రశ్న లేదు సార్."

"మరి? అడిగి ఉంటే ఏమనేవారు? సరే అనేవారు. అదే రాశాం. డేటా శుభ్రం చెయ్యడం అంటారు దాన్ని."

"నేను అడగని ప్రశ్నకి వాళ్ళు చెప్పని జవాబు సార్ ఇది."

"నువ్వు బాగా చదువుకున్నావమ్మా" అన్నాడు నిజంగానే మెచ్చుకుంటున్నట్టు. "రిపోర్టు చదివేది ఎవరో తెలుసుకోవడం కూడా చదువే. అది నెమ్మదిగా వస్తుంది. సంతకం పెట్టు."

పెట్టాను. క్షేత్ర పరిశోధకురాలు అని ఉన్న చోట, నా పేరు పక్కన. పెట్టి మేడ దిగి, బండి మీద టిఫిను తిని, మళ్ళీ మేడెక్కి పనిచేసుకున్నాను. ఏడవలేదు, నిద్ర మానలేదు. ఉద్యోగం లేకుండా మావయ్య ఇంట్లో ఉన్న ఏళ్ళని తలుచుకుంటే ఆ సంతకం నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

గ్రామసభ మా ఊరి బడి ఆవరణలో పెట్టారు. షామియానా వేశారు. ముందు వరుసలో మా నాన్న, మావయ్య, మిగతా బుగతలు. గోదాములొస్తే పక్కన తమ పొలాల రేటు పెరుగుతుందని వాళ్ళ ఆశ. మావయ్య నన్ను స్టేజీ మీద చూడటానికే సెలవు పెట్టి వచ్చాడు. వెనక, ఎండలో, పేట వాళ్ళు నిలబడ్డారు. అధికారుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. నా పక్కన పెద్దాయన.

రిపోర్టు సారాంశం చదివారు. సమ్మతి తెలిపాయి అన్న మాట దగ్గర వెనక గోల మొదలైంది. ఆమె నోటుబుక్కు పట్టుకుని ముందుకి వచ్చింది.

"అయ్యా, ఆ లెక్క తప్పు."

"ఇది నిపుణులు తయారు చేసిన రిపోర్టమ్మా" అన్నాడు అధికారి.

"ఆ నిపుణురాలు అక్కడే కుర్చీలో ఉన్నాది. అడగండి." తర్వాత నావైపు తిరిగింది. "సెప్పు. మాయమ్మ నీకేటి సెప్పింది?"

పెద్దాయన చెయ్యి నా కుర్చీ వీపు మీదికి వచ్చింది. "లేవకమ్మా" అన్నాడు మెల్లగా.

నేను ధైర్యవంతురాలినని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ క్షణంలో నాకు న్యాయం గుర్తు రాలేదు. ఆమె మొహం చూస్తే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను నోరు మూసుకుంటానన్న నమ్మకం ఆ మొహం మీద కనిపించింది. ఆ నమ్మకాన్ని చెరపాలనిపించింది. లేచాను.

"ఇష్టం లేదని చెప్పింది" అన్నాను.

"మిగతావోళ్ళు?"

"మూడిళ్ళు తప్ప అందరూ అదే అన్నారు."

"ఇనపడనేదు. ఆ రోజు క్లాసులో మాయమ్మ గురించి ఇనపడినంత గట్టిగా సెప్పు."

మైకు లాక్కుని చెప్పాను. ఫారంలో ఏముందో, రిపోర్టులో ఏం రాశారో, సంతకం నాదేననీ చెప్పాను. నా గొంతు బడి గోడకి కొట్టుకుని నాకే వినిపించింది. వెనక నుంచి చప్పట్లు రాలేదు. ముందు వరుస నుంచి అరుపులు వచ్చాయి. అందరికంటే ముందు మావయ్య లేచాడు. "దిగవే కిందకి! అన్నం పెట్టినోళ్ళ నోట్లో మట్టి కొడతావేటే?" మా నాన్న తల వంచుకుని చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. అధికారి మళ్ళీ సర్వే జరిపిస్తామని ప్రకటించి సభ ముగించాడు. పెద్దాయన అక్కడే నా మెడలో కార్డు అడిగి తీసుకున్నాడు, ట్యాబ్ తీసుకున్నాడు, నేను లేకుండా కారెక్కాడు.

ఆమె నా పక్కనుంచి వెళుతూ ఆగింది. థాంక్స్ చెబుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను.

"ఇది నువ్వు సెప్పినావనుకోకు. నాను సెప్పించినాను" అంది. వెళ్ళిపోయింది.

తర్వాత ఇంకో సంస్థ వచ్చి సర్వే చేసింది. ఈసారి పేట వాళ్ళు ఆమె లేకుండా ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి రోడ్డు వైపు మళ్ళు కొన్ని పోయాయి, పేట వైపువి మిగిలాయి. గెలిచామని అక్కడ ఎవరూ అనుకోవడం లేదు. మా నాన్న నాతో ఏడు నెలలు మాట్లాడలేదు. మావయ్య ఇప్పటికీ మాట్లాడడు. నాకు అదేం లోటుగా లేదు.

సర్వే సంస్థలు నన్ను మళ్ళీ పిలవలేదు. ఒక రోజు మా పాత లెక్చరర్ ఫోన్ చేశాడు. సంగతంతా విన్నానన్నాడు. "నా విద్యార్థుల్లో ఒక్కరైనా మిగిలారు" అన్నాడు.

"మీరు ఆ రోజు అది క్లాసులో చదవకుండా ఉండాల్సింది సార్" అన్నాను.

"రాసింది నువ్వు" అన్నాడు.

"చదివింది మీరు. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందో మీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు. క్షమాపణ చెప్పలేదు. విజయనగరంలో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్ కావాలంటున్నారని చెప్పి పెట్టేశాడు. వెళ్ళకూడదనుకున్నాను. ఆయన దయతో వచ్చే పని నాకొద్దనుకున్నాను. మూడో రోజు వెళ్ళి చేరాను.

ఇప్పుడు నా ముందు కూర్చునే పిల్లలు కూడా మిగిలిపోయిన సీట్లలోకి వచ్చినవాళ్ళే. ఈ చదువుకి ఏ ఉద్యోగాలొస్తాయని అడుగుతారు. సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు, సచివాలయం, బీఈడీ, కౌన్సెలింగు అని చెబుతాను. ప్రతిదాంట్లోనూ ఒక రోజు మీ ముందు ఒక కాగితం పెట్టి సంతకం అడుగుతారనీ చెబుతాను. వాళ్ళకి ఆ మాట నచ్చదు. నేనూ వాళ్ళకి నచ్చను. ఎదుటివాళ్ళ ఇంటి గురించి రాయనివ్వను. ముందు మీరేం చేశారో, మీ చేత్తో ఎవరికి ఏది ఎలా అందించారో రాసి తెమ్మంటాను. అది నేను తప్ప ఎవరూ చదవరు, మార్కులు వెయ్యను. పోయిన నెల ఒక తండ్రి వచ్చి, మా ఇంటి విషయాలు మీకెందుకండీ అని ప్రిన్సిపాల్ ముందే నా మీద కేకలేశాడు. వాళ్ళబ్బాయి రాసింది నా సొరుగులో ఉంది. చూపించమన్నాడు, చూపించలేదు. ప్రిన్సిపాల్ అడిగినా చూపించలేదు. వచ్చే ఏడాది నన్ను ఉంచుతారో లేదో తెలియదు.

కిందటి ఏడాది ఒక కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. హలో అనకుండానే అడిగింది. "సర్వే రిపోర్టు మా భాషలో ఇయ్యాలని రూలున్నాదా?"

గొంతు వెంటనే గుర్తుపట్టాను. "ఉంది."

"ఎక్కడున్నాది?"

"వెతికి చెప్తాను. నువ్వెలాగున్నావు?"

"రేపటికి సెప్పు" అని పెట్టేసింది.

వెతికి ఫోటో తీసి పంపాను. చూసినట్టు ఫోన్లో టిక్కు పడింది, జవాబు రాలేదు. రెండు వారాలకి ఇంకో ప్రశ్న వచ్చింది, దానికీ పంపాను. అప్పట్నుంచీ అంతే. పండగకి పలకరింపు లేదు, బాగున్నావా లేదు. ఒక్కోసారి కోపమొచ్చి రెండు రోజులు ఆలస్యం చేస్తాను. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్నార్థకం పంపిస్తుంది. ఆ గుర్తు చూసి పళ్ళు కొరుక్కుంటూ వెతకడం మొదలుపెడతాను. నిన్న కూడా ఒకటి వచ్చింది, మళ్ళల్లోకి వచ్చే కాలవ ఎవరి కింద ఉందని. నాకు తెలియదు. రేపు నీటిపారుదల ఆఫీసుకి వెళ్ళి అడగాలి.